రెండు వేల రూపాయల స్నూకర్ క్యూను మంచి క్యూగా మార్చుకోవడం

నా స్నూకర్ క్యూ (బంతిని కొట్టే కర్ర) ధర 2,200 రూపాయలు. కొని పదకొండేళ్లయింది. యాష్ చెక్క, రెండు ముక్కలు, మధ్యలో ఇత్తడి మర. ఇప్పటికీ దానితోనే ఆడుతున్నాను.

మా పార్లర్‌కు వచ్చే కుర్రవాళ్లు ఇలాంటి క్యూనే కొని, ఆరు నెలలు తిరక్కుండానే "ఇది పనికిరాదు అన్నా" అంటూ పాతిక వేల క్యూ కోసం డబ్బు కూడబెట్టడం మొదలుపెడతారు. వాళ్ల క్యూ చేతిలోకి తీసుకుని చూస్తే చెక్కలో లోపం చాలా అరుదుగా కనిపిస్తుంది. కొనకు అతికించిన తోలు టిప్ రాయిలా గట్టిపడి ఉంటుంది, వార్నిష్ చేతికి అంటుకుంటూ ఉంటుంది, మర దగ్గర మురికి పేరుకుని ఉంటుంది. ఈ మూడూ ఇంట్లో కూర్చుని బాగుచేసుకోగలిగినవే. స్నూకర్ ఆటగాడు స్టీఫెన్ హెండ్రీ ఏడు ప్రపంచ టైటిళ్లు గెలిచింది పద్నాలుగో ఏట చేతికొచ్చిన ఒక్క క్యూతోనే. దాని విలువ 40 పౌండ్లని అప్పట్లో పత్రికలు రాశాయి. డబ్బు పెట్టి కొత్తది కొనేముందు ఉన్నదానికి నాలుగు రోజులు కేటాయించండి అని నేను గట్టిగా చెప్పేది అందుకే.

పని మొదలుపెట్టే ముందు మీ క్యూ ఆ శ్రమకు తగినదో కాదో చూడాలి. మా నాన్నగారు వడ్రంగి. అడితిలో చెక్క కొనేటప్పుడు దాని ఒక చివరను చెంప దగ్గర ఆనించి, ఒక కన్ను మూసి, పొడవునా చూసేవారు. క్యూను కూడా అలాగే చూడండి. బట్ (చేత్తో పట్టుకునే లావు చివర) వైపు నుంచి టిప్ వైపు చూస్తూ మెల్లగా తిప్పండి. ఎక్కడైనా విల్లులా వంగితే అంచు గీత చెదిరినట్టు కనిపిస్తుంది. టేబుల్ మీద దొర్లించి చూసే పద్ధతిని నేను నమ్మను. క్యూ ఒక చివర లావు, ఒక చివర సన్నం. పైగా చాలా క్యూలకు బట్ మీద ఒకవైపు చదునుగా చెక్కి ఉంటుంది. తిన్నని క్యూ కూడా ఎగిరెగిరి పడుతుంది.

తరువాత చెక్క గీతలు చూడండి. యాష్‌లో అవి ఒకదాని వెనక ఒకటి బాణపు ములుకుల్లా కనిపిస్తాయి. పక్కలకు తిప్పితే నిలువు గీతలు ఉంటాయి. ఆ గీతలు టిప్ దాకా దాదాపు నేరుగా సాగితే మంచిది. టిప్ కింద ఉండే ఇత్తడి తొడుగుకు, అంటే ఫెర్రూల్‌కు, జానెడు దూరంలోనే పక్కకు జారిపోతుంటే ఆ క్యూ గట్టి దెబ్బకు వణుకుతుంది. దాని మీద శ్రమ పెట్టకండి. కొద్దిపాటి వంపు మాత్రం పెద్ద ఇబ్బంది కాదు. వంపు ఎప్పుడూ ఒకేవైపు ఉండేలా పట్టుకుంటే చేయి సర్దుకుంటుంది.

ఇక టిప్. క్యూ మొత్తంలో బంతిని తాకేది ఆ సెంటీమీటరు వెడల్పు తోలు ముక్క ఒక్కటే. ఆ తోలు రాక ముందు కర్రకొన నేరుగా బంతికి తగిలేది. 19వ శతాబ్దపు తొలినాళ్లలో ఫ్రాన్స్‌లో మింగో అనే ఆయన తోలు టిప్ వాడడంతో బంతికి కావలసిన తీరులో స్పిన్ ఇవ్వడం సాధ్యమైందని చెబుతారు. చవక క్యూతో వచ్చే టిప్ చాలావరకు నాసి రకం. కొన్న రోజునే తీసేయండి.

నేను మొదటిసారి టిప్ అతికించినప్పుడు పాతది పీకి, జిగురు రాసి, కొత్తది పెట్టేశాను. రెండో వారంలో క్లబ్బు పోటీలో పింక్ బంతిని కొడుతుండగా అది ఊడి టేబుల్ మీద పడింది. ఆ ఫ్రేము, అంటే ఆ ఆట, పోయింది. ఇంటికి వచ్చి ఫెర్రూల్‌ను దీపం ముందు పెట్టి చూస్తే అంచున పాత జిగురు ఆవగింజంత మిగిలి ఉంది. దాని వల్ల టిప్ ఒక పక్క గాలిలో నిలబడిందన్నమాట. ఆ రోజు నుంచి అతికించడం కన్నా, అతికించే చోటును సిద్ధం చేయడానికే ఎక్కువ సమయం పెడుతున్నాను.

పాత టిప్‌ను బ్లేడుతో పొరలు పొరలుగా కోయండి. ఒక్క దెబ్బకు ఊడగొట్టాలని చూస్తే ఇత్తడి మీద గాటు పడుతుంది. తోలు పోయాక నున్నని చెక్క ముక్కకు 240 నంబరు సాండ్‌పేపర్ చుట్టి, క్యూను నిలువుగా నిలబెట్టి, ఆ ముక్కను ఫెర్రూల్ మీద వాలకుండా ఆనించి మెల్లగా తిప్పండి. చుట్టూ ఇత్తడి వలయం, మధ్యలో గుండ్రని చెక్క కనిపిస్తాయి. రెండూ ఒకే ఎత్తుకు రావాలి. చదునుగా ఉందో లేదో తెలుసుకోవడానికి దాని మీద స్టీలు స్కేలు అంచును నిలబెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టండి. కింద నుంచి సన్నని వెలుగు గీత కనిపిస్తే ఇంకా పని ఉన్నట్టే.

టిప్ ఎంపికలో నేను ఇన్నేళ్లుగా ఎల్క్ మాస్టర్ అనే రకం దాటి పోలేదు. నీలం రంగులో మెత్తగా ఉంటుంది, ధర తక్కువ. అయితే ఒకే పెట్టెలోవే ఒకటి గట్టిగా, ఒకటి దూదిలా ఉంటాయి. అందుకే ఒకేసారి పది తీసుకుని, ఒక్కొక్కదాన్ని గాజు బల్ల మీద జారవిడిచి వింటాను. మెత్తని దాని చప్పుడు మందంగా ఉంటుంది, గట్టిది టక్కుమంటుంది. మధ్యరకం చప్పుడు చేసేవి పక్కన పెట్టుకుంటాను. మరీ మెత్తనిదైతే రాత్రంతా బెంచి వైస్‌లో బిగించి ఉంచితే తోలు కుదించుకుని, త్వరగా పుట్టగొడుగులా విచ్చుకోకుండా ఉంటుంది. ఫెర్రూల్ 9.5 మిల్లీమీటర్లయితే 10 మిల్లీమీటర్ల టిప్ కొనండి. అంచు మిగలాలి.

టిప్ అడుగును సాండ్‌పేపర్ మీద గుండ్రంగా రుద్ది గరుకు చేయండి. దానికి వేలు తగలకూడదు, వేలి జిడ్డే జిగురుకు శత్రువు. ఫెర్రూల్ మీద ఒకే ఒక్క చుక్క జిగురు చాలు. ఫెవిక్విక్ లాంటిది పనిచేస్తుంది కానీ అది రెండు మూడు సెకన్లలోనే పట్టేస్తుంది, సర్దుకునే వ్యవధి ఇవ్వదు. మొదటిసారి చేసేవారు జెల్ రకం తీసుకోవడం మంచిది. టిప్ చుట్టూ అంచు సమానంగా మిగిలేట్టు పెట్టి, నిమిషం పాటు బొటనవేలితో నొక్కి పట్టుకోండి. ఆ తరువాత తెల్లవారేదాకా దాన్ని ముట్టుకోకండి.

మర్నాడు క్యూను తలకిందులు చేసి, టిప్‌ను చెక్క పలక మీద ఆనించి, కొత్త బ్లేడుతో ఇత్తడి వెంబడి కిందకు కోస్తూ చుట్టూ తిప్పండి. ఫెర్రూల్‌కు ముందుగా కాగితపు టేపు చుట్టుకుంటే గీతలు పడవు. మిగిలిన నూగును సాండ్‌పేపర్‌తో నున్న చేసి, తోలు పక్కలను కాస్త తడిచేసి మందపాటి కాగితంతో గట్టిగా రుద్దండి. అంచు గట్టిపడి మెరుస్తుంది. పైభాగం వంపుకు నా కొలత రూపాయి నాణెం. నాణెం అంచును టిప్ పక్కన పెట్టి చూస్తే రెండు వంపులూ ఒకటిగా కలవాలి. చదునుగా వదిలేస్తే తెల్లబంతి అంచును తాకినప్పుడు జారుతుంది. మరీ మొనదేలితే చిన్న తప్పు కూడా పెద్ద స్పిన్‌గా మారుతుంది.

టిప్ బంతి మీద జారకుండా దానికి అద్దే చాక్ విషయంలో ఒక్క మాట. బడిలో వాడే సుద్ద దానికి బదులు కాదు. 1897లో అమెరికాలో పేటెంటు పొందినప్పటి నుంచీ బిలియర్డ్స్ చాక్‌లో అసలు పనిచేసేది ఇసుక లాంటి గట్టి ఖనిజపు పొడి. ఆ గరుకే బంతిని పట్టుకుంటుంది. గిరగిరా తిప్పి చాక్‌లో గొయ్యి చేయకండి, కుంచెతో రంగు వేసినట్టు టిప్ మీద పైపైన అద్దండి.

రెండో పెద్ద పని వార్నిష్. విజయవాడలో మే నెలలో ఆడేవారికి దీని గురించి చెప్పనక్కర్లేదు. చెమట పట్టిన వేళ్ల మధ్య వార్నిష్ పూసిన క్యూ జారదు, ఆగి ఆగి వెళ్తుంది. చాలామంది టాల్కం పౌడర్ పూస్తారు. ఆ పౌడర్ టేబుల్ గుడ్డ మీదికి, బంతుల మీదికి, చివరికి టిప్ మీదికి చేరి అన్నిటినీ పాడుచేస్తుంది. దానికన్నా వార్నిష్‌ను తీసేయడమే సరైన దారి. మొత్తం క్యూకు అక్కర్లేదు. టిప్ నుంచి రెండున్నర అడుగుల మేర, అంటే బ్రిడ్జి చేతి (టేబుల్ మీద ఆనించి క్యూకు ఆసరా ఇచ్చే చేతి) వేళ్లు తిరిగేంత దూరం చాలు.

ముందు టిప్ దగ్గర నుంచి పది సెంటీమీటర్లకొకచోట వెర్నియర్‌తో మందం కొలిచి రాసుకోండి. 400 నంబరు సాండ్‌పేపర్‌ను అరచేతిలో మడిచి, క్యూను గుప్పిట పట్టి, పొడవునా మాత్రమే రుద్దండి. అడ్డంగా ఒక్క గీత కూడా వద్దు. ఇరవై సార్లు రుద్దాక క్యూను పావు వంతు తిప్పండి. మొదట వచ్చేది తెల్లని జిడ్డు పొడి, కాగితానికి పట్టేస్తుంది. చెక్క తగిలాక పొడి తేలికగా, పొడిపొడిగా రాలుతుంది. చెయ్యి పెడితే వేడి తేడా కూడా తెలుస్తుంది. మంచి చెక్క వాసన వస్తుంది. అక్కడ ఆగండి! ఇంకొంచెం నున్నగా చేద్దామన్న ఆశతో రుద్దితే క్యూ సన్నబడిపోతుంది, పోయిన చెక్క తిరిగిరాదు. రాసుకున్న కొలతలు ఇక్కడే పనికొస్తాయి. తరువాత 600, ఆపైన 1000 నంబరుతో నాలుగైదు సార్లు మాత్రం తేలికగా. మిషన్ల జోలికి అసలు పోకండి.

బయటపడిన చెక్కకు నూనె పెట్టాలి. క్రికెట్ ఆడినవాళ్లకు బ్యాటుకు పట్టించే నూనె తెలిసే ఉంటుంది. అదే అవిసె నూనె, రంగుల దుకాణంలో లిన్సీడ్ ఆయిల్ అని అడిగితే ఇస్తారు. పచ్చి నూనె ఆరడానికి రోజులు పడుతుంది. బాయిల్డ్ అని అమ్మేది మందులు కలిపినది, ఒక రోజులో ఆరుతుంది. నాలుగు చుక్కలు పాత పంచె గుడ్డకు అద్ది, పొడవునా పలచగా రాయండి. యాష్ చెక్కకు సన్నని రంధ్రాలుంటాయి, నూనెను తాగుతుంది. పావుగంట తరువాత పొడి గుడ్డతో మిగిలినదంతా తుడిచేయండి. ఇక్కడ బద్ధకిస్తే జిగురులా మారి, తీసేసిన వార్నిష్ మళ్లీ వచ్చినట్టే అవుతుంది. పూర్తిగా ఆరాక మళ్లీ ఒకసారి, అలా మూడు పూతలు. చివరి పూత ఆరిన తరువాత మందపాటి కాగితంతో వేడెక్కేలా రుద్దితే చెక్క పట్టులా తయారవుతుంది. మేపుల్ క్యూ అయితే రంధ్రాలు తక్కువ, ఒక పూతతో సరిపెట్టుకోవచ్చు.

నూనె అంటిన గుడ్డను ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకూడదు. ఆరుతున్నప్పుడు ఆ నూనె వేడి పుట్టిస్తుంది, మడతల్లో ఆ వేడి చిక్కుకుని గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. నీళ్లలో ముంచి, ఆరుబయట విప్పి ఆరేయండి. మా నాన్నగారు పనికొట్టంలో ఈ ఒక్క విషయంలో ఎవరినీ క్షమించేవారు కాదు.

ఆ తరువాత రోజువారీ పని చాలా తక్కువ. ఆట అయ్యాక పొడి నూలు గుడ్డతో చాక్ పొడి, చెమట తుడవడం. బాగా మురికి పడితే గట్టిగా పిండిన తడి గుడ్డతో ఒక్కసారి లాగి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టడం. మూడు నాలుగు నెలలకొకసారి నూనె పూత. ఎక్కడైనా సొట్ట పడితే, నూనె పెట్టిన వట్టి చెక్కే కాబట్టి, దాని మీద తడి గుడ్డ ముక్క వేసి ఇస్త్రీ పెట్టె కొనను రెండు సెకన్లు ఆనించండి. ఆవిరికి చెక్క నార ఉబ్బి పైకి లేస్తుంది. పూర్తిగా ఆరనిచ్చి 1000 నంబరుతో సరిచేయండి.

మర బిగించినప్పుడు టక్కుమన్న చప్పుడు వస్తే లోపల మురికి ఉందని అర్థం. ఇత్తడి రెండు వైపులా పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి, మర మీద కొవ్వొత్తి మైనం ఒక్కసారి గీయండి. ఫెర్రూల్ కదులుతుంటే తీసి, పాత జిగురు గీకి, అరాల్డైట్‌తో అతికించి, ఒక రోజు వదిలేయండి.

క్యూను గోడకు ఏటవాలుగా ఆనించి మాత్రం వదలకండి. సొంత బరువుకే వంగడం మొదలుపెడుతుంది. ఎండలో ఆపిన కారులో, స్కూటరుకు కట్టి మధ్యాహ్నపు దారుల్లో వద్దు. పెట్టెలో పెట్టి, తడి లేని చోట పడుకోబెట్టండి. ఏసీ గదిలో నుంచి బయటి ఉక్కలోకి వెళ్లినప్పుడు పది నిమిషాలు పెట్టెలోనే ఉంచి తీయండి. ప్రయాణంలో చేతిలోనే ఉంచుకోండి. హెండ్రీ ఆ క్యూ 2003లో విమానంలో సామానుతో పాటు పంపినప్పుడే విరిగింది.

టిప్ మార్చిన రోజు పోటీకి ఒప్పుకోకండి. ఒంటరిగా టేబుల్ దొరికే వేళ వెళ్లి, తెల్లబంతిని బ్రౌన్ బంతి ఉండే చుక్క మీద పెట్టి, బ్లూ, పింక్, బ్లాక్ చుక్కల మీదుగా పైకి కొట్టండి. కుషన్‌కు తగిలి తిరిగి అదే దారిలో వచ్చి టిప్‌కు తగలాలి. ఇరవై సార్లు కొట్టండి. వెనక్కి వచ్చే దారితో పాటు చప్పుడు కూడా వినండి. కొత్త తోలు మొదటి గంటలో బొంగురుగా మోగుతుంది. రెండో రోజుకు అది తేరుకుని, ప్రతి దెబ్బకూ ఒకే తీరుగా వినిపిస్తుంది. అప్పుడు ఆటకు దిగండి.