చల్లటి సముద్రపు బూజులో కొత్త పదార్థం వెతకడం ఎలా?

సెఫిక్సిమ్ యాంటీబయాటిక్ మాత్రలు మనకు కొత్తేం కాదు. ఆ మందుల కుటుంబం మొత్తానికి మూలం 1945లో ఇటలీలోని సార్డీనియా దీవిలో, కాల్యారి ఊరి మురుగు సముద్రంలో కలిసే చోట జుసెప్పె బ్రోట్సు అనే డాక్టర్ పట్టుకున్న ఒక బూజు. అంత అదృష్టం మీకూ పడుతుందని చెప్పలేను గానీ, వెతకడం ఎలాగో చెప్తాను.

ఉత్తర నార్వే తీరం అనుకుందాం. అక్కడ సముద్రంలో బాగా నాని ఒడ్డుకు కొట్టుకొచ్చిన చెక్క ముక్క తీసుకోండి (సేకరణ అనుమతులు ముందే చూసుకోండి, తర్వాత పేటెంట్ దగ్గర చుక్కలు కనిపిస్తాయి). స్టెరైల్ సముద్రపు నీటితో కడిగి, పైపైన 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, లోపలి పేళ్లు మాత్రమే అగార్ (సూక్ష్మజీవుల్ని పెంచే జెల్లీ) ప్లేటు మీద పెట్టాలి. అగార్ కూడా సముద్రపు నీటితోనే కలపండి, తిండి తక్కువ వేయండి, బ్యాక్టీరియా ఎగబడకుండా స్ట్రెప్టోమైసిన్ వేయండి.

అందరూ తప్పు చేసేది ఇక్కడే: అలవాటు కొద్దీ ప్లేట్లను 28 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టేస్తారు. చలికి అలవాటుపడ్డ ఫంగస్ (బూజు) అక్కడ పెరగదు, పెరిగేది ఎక్కడైనా దొరికే పెనిసిలియం బూజే. కొన్ని ప్లేట్లు 4 డిగ్రీల దగ్గర, కొన్ని 10 దగ్గర పెట్టి రెండు మూడు నెలలు ఓపిక పట్టండి. మొదటి వారంలోనే పచ్చగా పాకేదాన్ని చూసి సంబరపడొద్దు, మూలన ఆవగింజంత పెరిగిన కాలనీని తీసి వేరే ప్లేటులోకి మార్చండి. ఐటీఎస్ (ఫంగస్‌లను గుర్తుపట్టే డీఎన్‌ఏ ముక్క) సీక్వెన్స్ చేయిస్తే అది ఏ జాతికి దగ్గరో తెలుస్తుంది.

తర్వాత వంట. నిజంగా వంటే, ఫ్లాస్కులో 100 గ్రాముల బియ్యం, దాదాపు అంతే సముద్రపు నీళ్లు పోసి ఆటోక్లేవ్‌లో (ప్రెషర్ కుక్కర్ లాంటి పరికరం) 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచితే ఫంగస్‌కి అన్నం రెడీ. అదే ఫంగస్‌ని ద్రవ మాధ్యమంలో, ఉప్పు మార్చి, వేడి మార్చి కూడా పెంచి చూడండి, ఎందుకంటే తిండి మారితే అది తయారుచేసే పదార్థాలూ మారిపోతాయి. ఫంగస్ వేయని ఉత్త అన్నం ఫ్లాస్కు ఒకటి తప్పనిసరి. లేదంటే బ్యాక్టీరియా మీద పరీక్షించేటప్పుడు బియ్యంలోని కొవ్వు ఆమ్లాలే వాటిని చంపి మనల్ని వెర్రివాళ్లని చేస్తాయి.

ఫంగస్ పెరిగిన అన్నాన్ని ఇథైల్ అసిటేట్ అనే ద్రావకంలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, ఆ ద్రావకాన్ని రోటావాపర్ అనే పరికరంలో ఆవిరి చేసి, మిగిలిన జిగురుని మాస్ స్పెక్‌లో (అణువుల బరువు కొలిచే యంత్రం) పెట్టండి. వచ్చిన బరువుల్ని నేచురల్ ప్రొడక్ట్స్ అట్లాస్, జీఎన్‌పీఎస్ లాంటి డేటాబేసుల్లో వెతికితే ఎక్కువ శాతం పాతవే. దిగులుపడొద్దు, పాతవాటిని ముందే ఏరేయడమే ఈ పనిలో సగం. 391.28 దగ్గర పీక్ కనిపిస్తే మాత్రం ముందు మీ ప్లాస్టిక్ గొట్టాలను అనుమానించండి, అది చాలాసార్లు ప్లాస్టిక్‌ని మెత్తబరిచే థాలేట్.

ఎక్కడా దొరకని బరువు మిగిలితే అప్పుడు పెద్ద ఎత్తున పెంచి, శుద్ధి చేసి, కొన్ని మిల్లీగ్రాములు ఎన్‌ఎంఆర్‌కి (అణువు నిర్మాణం తేల్చే పరీక్ష) పంపాలి. అన్నట్టు, కాలనీ విడదీసిన రోజే గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80లో దాచేయండి. ప్లేటు నుంచి ప్లేటుకి మార్చుకుంటూ పోతే కొన్ని ఫంగస్‌లు ఆ పదార్థాన్ని చేయడమే మానేస్తాయి, మీ దగ్గర పీక్ ప్రింటవుట్ ఒక్కటే మిగులుతుంది.