బరువు తగ్గాలనుకునే ఇంట్లో రాత్రి కూర: ఇంటిల్లిపాదికీ ఒకే గిన్నె

మన దిక్కు కూరలు అన్నంలో కలుపుకోవడానికి వండేవి. ఉప్పు, కారం, పులుపు, నూనె అన్నీ తల్లెనిండా ఉన్న తెల్లన్నానికి సరిపోయేటట్టు పడతాయి. అందుకే బరువు తగ్గాలని అన్నం తగ్గించి కూర ఎక్కువ పెట్టుకున్నవాళ్లకు మూడో బుక్కకే నోరు మండుతుంది, దూప అవుతుంది, చెయ్యి మళ్లీ అన్నం గిన్నె దిక్కే పోతుంది. ఇది పట్టుదల లేక జరిగేది కాదు, కూర వండిన తీరు అట్లా ఉంటుంది. గిన్నెడు కూర ఉత్తగా తిన్నా నోటికి ఇంపుగా ఉండేటట్టు వండితే సగం పని అయినట్టే. ఒక్కరి కోసం వేరే పొయ్యి వెలిగించాల్సిన అవసరమూ ఉండదు. అందరికీ కూర ఒక్కటే, వడ్డన మాత్రం ఎవరి తల్లెకు తగ్గట్టు వాళ్లకు.

నలుగురికి కొలతలు

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకు 2,000 క్యాలరీలు తినే మనిషికి 400 గ్రాముల కూరగాయలు, 27 గ్రాముల నూనె అని లెక్క ఉంది. అంటే నలుగురికి రోజుకు కిలోన్నరకు పైగా కూరగాయలు. పూటకు అరకిలోతో సరిపెట్టే ఇంట్లో ఈ లెక్క ఎన్నడూ తీరదు. రాత్రి పూటకు కోసి, చెక్కు తీసిన తర్వాత కిలో ముక్కలు ఉండేటట్టు చూసుకోండి.

నూనె సంగతి ఇంకా ముఖ్యం. సీసా వంచి పోస్తే ఎంత పడిందో ఎవరికీ తెలియదు. 50 మిల్లీలీటర్లు పడితే 400 క్యాలరీలు దాటినట్టే, అది దాదాపు రెండు కప్పుల అన్నంతో సమానం. కిలో ముక్కలకు 5 మిల్లీలీటర్ల టీ చెంచాతో నాలుగు చెంచాలు చాలు. మూడు మొదట్లో, ఒకటి చివరి పోపుకు. ఉప్పు ఒకటిన్నర టీ చెంచా, కారం కూడా అంతే. నూనె, కారం తగ్గితే కూర పాలిపోయి కనబడుతుంది, ఇంట్లోవాళ్లు చూడగానే మొహం తిప్పుకుంటారు. దానికి వరంగల్ చపాట మిర్చి మంచి మందు. టమాట మిర్చి అని కూడా అంటారు, 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఘాటు తక్కువ, ఎరుపు ఎక్కువ. మామూలు కారం సగం, చపాట కారం సగం కలిపి పెట్టుకుంటే రంగు వస్తుంది, నోరు మండదు.

బరువు తగ్గేవాళ్లకు రాత్రి 45 గ్రాముల బియ్యం అన్నం, అంటే వండాక చిన్న గిన్నెడు. లేదా 50 గ్రాముల పిండితో ఒక జొన్న రొట్టె. ఈ రెంటిలో ఏదో ఒకటే. పప్పు తలా 30 గ్రాములు తప్పకుండా పడాలి, లేదా ఉడికించిన గుడ్డు. వట్టి కూరగాయలతో రాత్రి భోజనం ముగించినవాళ్లకు పదిన్నరకు ఆకలి పుడుతుంది, చెయ్యి మురుకుల డబ్బాలోకి పోతుంది. ఉపవాసం ఉన్నట్టు తినడం ఎక్కువ రోజులు నడవదు.

షుగర్‌కు మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు అన్నం ఒక్కసారిగా తగ్గించకూడదు. మందు అంతే ఉండి తిండి తగ్గితే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ముందు డాక్టర్‌తో మాట్లాడి మోతాదు సరిచేయించుకోవాలి.

తక్కువ నూనెతో మాడకుండా

నాలుగు చెంచాలతో మొదలుపెట్టినవాళ్లు రెండో రోజే విసిగి సీసా అందుకునేది ఇక్కడే. ఆవాలు చిటపటమనవు, ఉల్లిగడ్డ అడుగంటుతుంది. రెంటికీ ఉపాయం ఉంది.

అడుగు మందంగా ఉన్న గిన్నె పెట్టండి. గిన్నె కాగాక నూనె పోసి, పొయ్యి మీదనే ఒక పక్కకు వంచండి. నూనె అంతా ఒక్క దగ్గరికి చేరి మడుగు కడుతుంది. ఆ మడుగులో ఆవాలు, జీలకర్ర వేస్తే చక్కగా పేలుతాయి. ఆవాలు పేలినంక గిన్నె నిలబెట్టి, దంచిన ఎల్లిపాయ, కరివేపాకు, ఉల్లిగడ్డ ముక్కలు వేయండి. కూరకు తీసిపెట్టిన ఉప్పులోంచి చిటికెడు ఉల్లిగడ్డ మీద చల్లి, మంట తగ్గించి మూత పెట్టండి. ఉప్పు పడితే ఉల్లి నీరు విడుస్తుంది, ఆ నీటిలోనే మగ్గుతుంది. అయినా అడుగంటుతుంటే రెండు చెంచాల నీళ్లు చిలకరించి గీరండి. నూనె మాత్రం పోయకండి.

చివరి చెంచా నూనెను పోపు గిన్నెలో కాచి, జీలకర్ర, ఎండుమిర్చి, ఎల్లిపాయ ఎర్రగా వేగినంక దించబోయే కూర మీద పోసి మూత పెట్టాలి. నూనె మొత్తం మొదట్లోనే పోస్తే ఉడికేటప్పుడు వాసన ఆవిరిలో పోతుంది. చివర్లో పడిన ఒక్క చెంచా మూత తీయగానే ఘుమ్మంటుంది, కూరలో నూనె తక్కువని ఎవరికీ తోచదు.

కూర కూరకు ఒక మర్మం

బీరకాయ, సొరకాయ: కోసే ముందు ప్రతి కాయ కొన చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయాలి. ఆ చేదు ఉడికించినా పోదు, వాంతులు, కడుపునొప్పి తెస్తుంది. బరువు తగ్గడానికని పరగడుపున పచ్చి సొరకాయ రసం తాగే అలవాటు ఈ కారణానికే ప్రమాదం, దాని జోలికి పోకండి. బీరకాయ కిలో ముప్పావు తెస్తే పైచెక్కు, కొనలు పోను కిలోకు పైగా ముక్కలు మిగులుతాయి. 120 గ్రాముల పెసరపప్పు అరగంట నానబెట్టి, ముక్కలతో పాటు వేసి మూత పెట్టండి. చుక్క నీళ్లు అక్కర్లేదు, బీరకాయలోనే నీరు ఉంటుంది. ఉప్పు మాత్రం ముక్క కుంగినంకే వేయాలి. పచ్చిముక్కల కుప్పను చూసి ఉప్పు వేస్తే, ఉడికి సగానికి దిగినంక కూర ఉప్పుకషాయం అవుతుంది.

వంకాయ: స్పంజి లాంటి కాయ. పచ్చిముక్కను నూనెలో వేస్తే ఎంత పోసినా తాగుతుంది, ఇంకా పొడిగానే కనబడుతుంది. ముందే ఇడ్లీ పాత్రలో ఏడెనిమిది నిమిషాలు ఆవిరికి పెట్టండి. లోపలి గాలి గదులు కుంగిపోతాయి, ఆ తర్వాత నూనె పీల్చదు. ఆవిరికి పెట్టిన ముక్కలు ఉల్లిగడ్డ మగ్గినంక వేసి, ఐదు నిమిషాలు అటూ ఇటూ కలిపితే చాలు. ముద్దకూర కావాలంటే రెండు టమాటలు. నువ్వుల పొడి, పల్లీల పొడి వేసే అలవాటు ఉంటే మానుకోనక్కర్లేదు. గిన్నెకంతటికీ ఒకే పెద్ద చెంచా, కొలిచి వేయండి.

ఆకుకూర పప్పు: మామూలుగా పప్పులో ఆకు కనబడుతుంది. ఆకులో పప్పు కనబడేటట్టు వండండి. 120 గ్రాముల కందిపప్పుకు 700 గ్రాముల తోటకూర లేదా పాలకూర. ఆకును మూడు నీళ్లు మార్చి కడగాలి, మూడో నీళ్లు అడుగున మట్టి లేకుండా ఉండాలి. పుంటికూర, చుక్కకూర, చింతపండు పచ్చిపప్పుతో కలిపి కుక్కర్‌లో పెడితే ఎన్ని విజిల్స్ వచ్చినా పప్పు గట్టిగానే ఉంటుంది, పులుపు దాన్ని మెత్తబడనివ్వదు. పప్పు వేరుగా మెత్తగా ఉడికించి, పులుపు ఆకు వేరుగా మగ్గించి, చివర్లో కలపండి. గంగవాయిలి కూరకు దాని పులుపు దానికే ఉంటుంది, చింతపండు రెండు రెక్కలు చాలు. కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్లు పాలకూర, గంగవాయిలి ఎక్కువ తినకూడదు. వాళ్లకు మెంతికూర పప్పు చేయండి.

గోకరకాయ, చిక్కుడుకాయ: ఈనె తీయడంలో బద్ధకిస్తే నోట్లో పీచు మిగిలి పిల్లలు ఉమ్మేస్తారు. లేతవి తెచ్చి, ఉప్పు వేసిన నీళ్లలో మెత్తబడేదాకా ఉడికించి, ఆ తర్వాత పోపులో వేయండి. పచ్చివే నూనెలో వేయిస్తే ఉడికేసరికి నూనె రెట్టింపు పడుతుంది.

పచ్చిపులుసు తేలికదే, నూనె చెంచాడే. అయినా బరువు తగ్గేవాళ్లకు అదే చిక్కు తెస్తుంది. పల్చని పులుసు అన్నాన్ని జారవిడుస్తుంది, నమలకుండానే రెండు గంటెల అన్నం లోపలికి పోతుంది. అన్నం మీద పోసుకోకుండా చిన్న గిన్నెలో పోసుకుని, ఉల్లిగడ్డ ముక్కలు ఎక్కువ వేసి, కూర మధ్యలో తాగండి. బెల్లం వద్దు.

జొన్న రొట్టె మీద ఒక అపోహ

జొన్న పిండి క్యాలరీలు గ్రాముకు గ్రాము బియ్యంతో దాదాపు సమానమే. రొట్టె మేలు ఏమిటంటే నమలాలి, పీచు ఎక్కువ, లెక్క తెలుస్తుంది. "జొన్నలే కదా" అని నాలుగు రొట్టెలు తింటే నాలుగు చిన్న గిన్నెల అన్నం తిన్నట్టే. సర్వపిండి కూడా ఇంతే. సొరకాయ తురుము, ఉల్లి ఆకు ఎంత వేసినా అది బియ్యప్పిండే. చేసిన రాత్రి అన్నం లెక్కలో వేయండి, పక్కన కూర గిన్నె ఉండనే ఉండాలి.

రొట్టె విరిగిపోతుందంటే పిండి పాతదో, నీళ్లు చల్లనివో. జొన్నలో గోధుమలో ఉండే జిగురు లేదు. మసిలే నీళ్లు పడితే పిండి కొంచెం ఉడికి, ఆ ఉడుకుకే అతుక్కుంటుంది. 200 గ్రాముల పిండికి సుమారు 200 మిల్లీలీటర్ల మసిలే నీళ్లు పోసి, గంటెతో కలిపి, చెయ్యి ఓర్చుకునే వేడికి వచ్చినంక మూడు నాలుగు నిమిషాలు అరచేత్తో రుద్ది పిసకాలి. కాలే పెనం మీద వేయగానే పైన తడి గుడ్డతో తుడిచి, ఆ తడి ఆరినంకే తిప్పాలి. తొందరపడితే అంచులు పగులుతాయి. నూనె చుక్క పెట్టే పని లేదు. పిండి పదిహేను రోజులకు సరిపడా మాత్రమే పట్టించుకోండి.

వడ్డన

అన్నం గిన్నె, రొట్టెల డబ్బా వంటింట్లోనే ఉండాలి, తినే చోటికి కూర గిన్నె, పప్పు గిన్నె మాత్రమే రావాలి. బరువు తగ్గేవాళ్లు ముందు 250 గ్రాముల కూర, అంటే పెద్ద గంటెతో రెండు మూడు గంటెలు పెట్టుకుని, అందులో సగాన్ని అన్నం లేకుండానే తినాలి. ఆ తర్వాత పప్పుతో అన్నం. పిల్లల తల్లెలో అదే కూర మీద చెంచా నెయ్యి, ఒక ఉడికిన ఆలుగడ్డ, కావల్సినంత అన్నం. పొలం పనో, బరువు మోసే పనో చేసి వచ్చినవాళ్లకు రెండు రొట్టెలు ఎక్కువ.

రెండోసారి అన్నం వచ్చేది పెరుగు దగ్గర. పెరుగన్నం లేకుంటే తిన్నట్టుండదనేవాళ్లు అన్నానికి బదులు కీర ముక్కలు, తరిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర వేసుకుని గిన్నెడు పెరుగు తినండి. మొదటి వారం వెలితిగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. ఆవకాయ, అప్పడం రోజూ వద్దు.

ఆదివారం కోడికూర ఆపక్కర్లేదు. తోలు తీసిన అరకిలో మాంసానికి ముప్పావు కిలో సొరకాయ ముక్కలో, రెండు కట్టల మెంతికూరో వేయండి. మాంసం మూడొంతులు ఉడికినంక సొరకాయ వేయాలి, ముందే వేస్తే కరిగిపోతుంది. ఉగాది దాటినంక చింతచిగురు దొరికే రోజుల్లో మటన్‌లో అది వేస్తే టమాట, పెరుగు అక్కర్లేదు.

వారానికి సరుకు

రాత్రికి కిలో అంటే వారానికి ఏడెనిమిది కిలోలు. వరంగల్ లక్ష్మీపురం కూరగాయల మార్కెట్‌కో, హన్మకొండ రైతుబజార్‌కో ఒకేసారి పోయి తెచ్చి అన్నీ ఫ్రిజ్‌లో కుక్కితే గురువారానికి సగం కుళ్లుతాయి, ఆ రాత్రి వెల్లుల్లి కారం, అన్నంతో గడుస్తుంది. వండే వరుస పెట్టుకోండి. ఆకుకూరలు మొదటి రెండు రోజులు, బెండ, బీర, వంకాయ మూడు నాలుగు రోజుల్లో, సొరకాయ, దోసకాయ, గుమ్మడి వారం చివర. సొరకాయ కోయనంత వరకే ఆగుతుంది. ఆకుకూరను కడిగి దాచొద్దు, వేర్లు తీసి పొడి గుడ్డలో చుట్టాలి. గోకరకాయ, చిక్కుడు ముందురోజే ఈనె తీసి డబ్బాలో పెట్టుకోవచ్చు, వంకాయ అప్పటికప్పుడే కోయాలి.

మిగిలిన కూరతో జాగ్రత్త. నూనె, ఉప్పు, పులుపు తగ్గించి వండిన కూర పాతకాలపు కూరలాగా పొద్దున్నదాకా బయట నిలవదు. ఎండాకాలం రాత్రి అయితే మూడు నాలుగు గంటల్లోనే పులుస్తుంది. తినగానే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున దాన్ని బాగా మసలకాచి, తడి ఎక్కువుంటే ఇగిరించి, ఆ వేడి మీదనే జొన్న పిండిలో కలిపి రొట్టె కొట్టుకోవచ్చు. అప్పుడు పిండిలో పోసే నీళ్లు సగానికి తగ్గించాలి.