ఫిషర్: నొప్పి తగ్గినా మందు ఆపొద్దు

దొడ్డికి పోయేటప్పుడు బ్లేడుతో కోసినట్టు నొప్పి, ఆ తర్వాత గంటల తరబడి మంట, మలం మీద సన్నటి ఎర్ర చార. ఇట్లుంటే వరంగల్‌ల ఎవరినడిగినా ‘మొలలు’ అంటరు. మొలలకు నెత్తురు బాగానే పోతుంది గానీ మామూలుగా నొప్పి ఉండదు. ఇంత నొప్పి ఉందంటే చాలావరకు ఫిషరే, అంటే మలద్వారం అంచున చర్మం నిలువునా చీరుకోవడం.

చీరిక చిన్నదే, అయినా నెలల తరబడి మానదు. నొప్పికి లోపలి కండరం బిగుసుకుంటుంది, దాంతో పుండుకు నెత్తురు సరిగా అందదు. మనిషి భయపడి మోషన్ ఆపుకుంటే అది లోపలే ఎండి, మర్నాడు అదే చోట మళ్లీ చీలుస్తుంది. అందుకే మలం మెత్తబడడం, కండరం వదులవడం రెండూ ఒకేసారి జరగాలి. ఒక్కటే చేస్తే సగం వైద్యమే.

మెత్తబడడానికి ఇసబ్‌గోల్ పొట్టు. మొదట ఒక టీస్పూన్, నాలుగైదు రోజులకు రెండు. అట్లయితే గ్యాస్ బాధ తక్కువ. రాత్రి తిన్నాక పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి, చిక్కబడకముందే తాగి, వెనకే ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. పొట్టు నోట్లో వేసుకుని గుక్కెడు నీళ్లతో సరిపెడితే అది లోపల ముద్దకట్టి ఇంకా బిగిస్తుంది.

రోజుకు 25–30 గ్రాముల పీచు కావాలి, మూడు పూటలా తెల్లన్నంతో అది రాదు. 100 గ్రాముల జొన్నల్లో సుమారు 10 గ్రాములుంటుంది. రాత్రికి జొన్న రొట్టెలు, పప్పు, ఆకుకూర, మధ్యలో ఒక జామకాయ పెట్టుకోండి. మిర్చి చీరికను పుట్టించదు గానీ ఉన్నదాన్ని మండిస్తుంది. ఎనుమాముల మిర్చి మార్కెట్ పక్కనున్నోళ్లకు కారం మానమని చెప్పడం కష్టమే, కనీసం పుండు మానేదాకా తగ్గించండి. ఎండకాలంలో మూడు లీటర్ల నీళ్లు తాగాలి. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగి తాగాలి.

కండరం వదలడానికి గోరువెచ్చని నీళ్లు. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో మూడు నాలుగు అంగుళాల నీళ్లు పోసి, మోచేతితో వేడి చూసి, 10–15 నిమిషాలు కూర్చోండి. మోషన్ అయిన వెంటనే ఒకసారి, రోజులో ఇంకో రెండుసార్లు. ఉప్పు, యాంటీసెప్టిక్ ద్రావణం వేయొద్దు, చర్మం మండుతుంది. తర్వాత రుద్దకుండా బట్టతో అద్దుకోవాలి.

కండరం వదలడానికే డాక్టర్లు ఎక్కువగా రాసేది 2 శాతం డిల్టియాజెమ్ ఆయింట్‌మెంట్. బఠానీ గింజంత తీసుకుని మలద్వారం అంచు చుట్టూ రాయాలి, రోజుకు రెండుసార్లు, 6–8 వారాలు. ఇదే పనికి వాడే ఇంకో ఆయింట్‌మెంట్ నైట్రోగ్లిజరిన్; అది పూసుకుంటే తలనొప్పి రావచ్చు, బీపీ పడొచ్చు. సిల్డెనాఫిల్ (వయాగ్రా) మాత్రలు వాడేవాళ్లు దాని జోలికే పోవద్దు. స్టెరాయిడ్ కలిసిన పైల్స్ క్రీములు వారం దాటి రాస్తే చర్మం పలచబడుతుంది. గర్భిణులు ఏ మందైనా అడిగే వాడాలి.

పది రోజులకు నొప్పి తగ్గుతుంది, చాలామంది అక్కడే మందు ఆపేస్తారు. కొత్త చర్మం ఇంకా పల్చగనే ఉంటుంది, ఒక్క గట్టి మోషన్‌కు మళ్లీ చీలుతుంది. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, ఐరన్ మాత్రలు మలాన్ని బిగిస్తాయి, వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి.

ఎనిమిది వారాలు దాటినా మానకపోతే చీరిక పక్కన చిన్న చర్మపు తోక పెరగొచ్చు. అది మొల కాదు. గోడ మీద పోస్టర్ చూసి, దాన్ని కాల్పించుకోవడానికి పోవద్దు. బిగిసిన కండరాన్ని కొద్దిగా కోసే ఆపరేషన్‌తో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా మానుతుంది. కొద్దిమందికి గ్యాస్ ఆపుకోవడం కష్టమవుతుంది, అందుకే కష్టమైన కాన్పు జరిగిన ఆడవాళ్లు ముందే ఆ సంగతి సర్జన్‌కు చెప్పాలి.

చీరిక మలద్వారానికి ముందో వెనకో నడిమధ్యలో కాకుండా పక్కకుంటే, చీము, జ్వరం, బరువు తగ్గడం ఉంటే, నలభై అయిదు దాటాక మొదటిసారి నెత్తురు కనబడితే ఇంటి వైద్యం ఆపి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి సర్జరీ ఓపీకో, దగ్గర్లోని సర్జన్ దగ్గరికో పోవాలి. టీబీ, పేగు వాపు జబ్బు, క్యాన్సర్ కూడా ఇట్లే మొదలుకావచ్చు.