సూపర్‌చార్జర్ ఇంజిన్ రీబిల్డ్ – 4వ పాఠం: పిస్టన్, రింగులు

పోయిన పాఠంలో బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) కొలిచాం. ఈసారి అందులోకి ఏ పిస్టన్ వేయాలో చూద్దాం. ముందు బూస్ట్ (సూపర్‌చార్జర్ ఇంజిన్‌లోకి అదనంగా నెట్టే గాలి ఒత్తిడి) ఎంతో తేల్చుకోండి, షాపింగ్ తర్వాత. మామూలు పెట్రోల్‌తో 7 పీఎస్‌ఐ దాకా అయితే కంప్రెషన్ రేషియో (పిస్టన్ కిందున్నప్పటి చోటు, పైకి వచ్చాక మిగిలే చోటుకు ఎన్ని రెట్లో) 8.5కీ 9కీ మధ్య పెట్టుకోవడం మంచిది.

బోరు 86 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 86 అనుకుందాం. ఒక్కో సిలిండర్ దాదాపు 500 సీసీ. రేషియో 10.5 ఉంటే పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటు 52.6 సీసీ. 9కి దించాలంటే 62.5 కావాలి. ఆ 10 సీసీ కోసం పైన గుంట ఉన్న పిస్టన్ తెచ్చుకోండి. మందం గాస్కెట్ వేసి సర్దేస్తామంటే ఒప్పుకోకండి. పిస్టన్‌కూ హెడ్‌కూ మధ్య సందు పెరిగి నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండడం) ఇంకా త్వరగా మొదలవుతుంది.

ఫోర్జ్‌డ్ (లోహాన్ని గట్టిగా నొక్కి చేసిన) పిస్టన్లు ముఖ్యంగా రెండు రకాలు, 2618, 4032 అనే అల్యూమినియం మిశ్రమాలతో చేసినవి. 2618 బాగా దెబ్బకు ఆగుతుంది, కానీ వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది, కాబట్టి సిలిండర్ గోడకు ఎక్కువ క్లియరెన్స్ (సందు) వదలాలి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే టకటక శబ్దం వస్తుంది. 4032లో సిలికాన్ 12 శాతం దాకా ఉంటుంది, వ్యాకోచం తక్కువ. రోజూ తిరిగే బండికి, ఈ మాత్రం బూస్ట్‌కు నా ఓటు దీనికే. ఏదైనా సరే, పిస్టన్లు చేతికొచ్చాకే బ్లాక్‌ను బోరింగ్ షాపుకు ఇవ్వండి. కంపెనీ ఇచ్చిన క్లియరెన్స్ షీటూ వాటితో పాటే ఇవ్వాలి.

ఇక రింగ్ గ్యాప్, అంటే రింగు రెండు కొసల మధ్య సందు. ఇంజిన్లు ఎక్కువగా పోయేది ఇక్కడే, తొందరపడకండి. మే నెల ఎండలో అనంతపురం నుంచి కర్నూలు దాకా 44వ నంబరు హైవే మీద బూస్ట్‌లో లాగిస్తే టాప్ రింగు బాగా వేడెక్కి సాగుతుంది. గ్యాప్ చాలకపోతే రెండు కొసలూ ఒకదాన్నొకటి తన్నుకుని పిస్టన్ గాడి అంచు విరిగిపోతుంది. బూస్ట్ లేని ఇంజిన్‌కు బోరు మిల్లీమీటరుకు 0.004 మి.మీ. గ్యాప్ చాలు. బూస్ట్‌కు 0.006 లెక్క వేయండి, 86 బోరుకు దాదాపు 0.52 వస్తుంది. రింగుల తయారీదారు వేరే అంకె ఇస్తే అదే ఫైనల్.

రింగును సిలిండర్‌లో పెట్టి, పిస్టన్‌ను తలకిందులుగా పట్టుకుని అంగుళం లోతుకు నెట్టండి. అప్పుడు రింగు వంకర లేకుండా కూర్చుంటుంది. ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకులు) గ్యాప్ కొలవండి. తక్కువుంటే ఒక కొసనే, బయటి అంచు నుంచి లోపలి వైపుకు ఆకురాయితో రాయండి. ఎదురు రాస్తే పైపూత పెచ్చులూడుతుంది. ఏ సిలిండర్‌కు రాసిన రింగు ఆ సిలిండర్‌కే, కవరు మీద నంబరు వేసుకోండి.

వచ్చే పాఠం బేరింగులు, కనెక్టింగ్ రాడ్ బోల్టుల మీద. ఈలోగా హెడ్ ఛాంబర్లలో నూనె పోసి, ఒక్కోటీ ఎన్ని సీసీ పడుతుందో రాసి ఉంచండి.