షుగర్ ఉన్నవారి కాలిపుండు: మాత్ర వేసుకునే ముందే చేయించవలసిన పరీక్ష

మధుమేహం ఉన్నవారి కాలికి పుండు పడగానే చాలా ఇళ్లలో చేసే పని, పోయినసారి పనిచేసిన యాంటీబయాటిక్‌నే మందుల దుకాణంలో కొని మళ్లీ వాడడం. మందులకు లొంగని బాక్టీరియా పెరగడానికి ఇదే దారి, అందుకే ఈ అలవాటును ముందుగా మానుకోవాలి.

పుండు ఉన్నంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు కాదు. చుట్టూ ఎరుపు, వాపు, వేడి, నొప్పి, చీము అనే లక్షణాలలో కనీసం రెండు కనిపిస్తేనే డాక్టర్లు దానిని ఇన్‌ఫెక్షన్‌గా పరిగణిస్తారు. లేనప్పుడు యాంటీబయాటిక్ అవసరం ఉండదు. అయితే నరాలు దెబ్బతిన్న పాదానికి నొప్పి తెలియదు, నల్లని చర్మం మీద ఎరుపు సులభంగా కనబడదు. కనుక అరచేతి వెనుక భాగంతో రెండు పాదాలనూ తాకి వేడిలో తేడా ఉన్నదేమో చూడాలి.

ఇన్‌ఫెక్షన్ ఉన్నదని తేలితే, మొదటి మాత్రకు ముందే కల్చర్ పరీక్షకు (పుండులో ఏ బాక్టీరియా ఉన్నదో, ఏ మందుకు లొంగుతుందో తేల్చే పరీక్షకు) నమూనా ఇవ్వాలి. దూదిపుల్లతో పైపైన తుడిచి తీసిన నమూనాలో చర్మం మీద ఊరికే ఉండే సూక్ష్మజీవులు కూడా చేరతాయి, వాటికోసం అనవసరంగా పెద్ద మందులు వాడవలసి వస్తుంది. పుండును సెలైన్‌తో కడిగి, చచ్చిన కండను తొలగించి, అడుగునుంచి చిన్న కణజాలపు ముక్క తీయమని డాక్టర్‌ను నిస్సంకోచంగా అడగండి.

మన దేశంలో ఈ పుండ్లలో స్టెఫైలోకోకస్‌తో పాటు ఇ. కోలై, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ వంటి బాక్టీరియా తరచుగా బయటపడతాయి. రిపోర్టులో మందు పేరు పక్కన ‘ఎస్’ ఉంటే అది పనిచేస్తుందనీ, ‘ఆర్’ ఉంటే బాక్టీరియా దానికి లొంగదనీ అర్థం. ఆ పక్కనుండే అంకెలను (బాక్టీరియా పెరగకుండా ఆపడానికి కావలసిన మందు గాఢతను) ఒక మందుకూ మరొక మందుకూ పోల్చి, తక్కువ అంకె ఉన్నదే మంచిదని అనుకోకూడదు.

సరైన మందు దొరికినా అది పుండును చేరేది రక్తం ద్వారానే కాబట్టి, పాదంలో నాడి అందకపోతే రక్తప్రసరణ పరీక్ష చేయించాలి. లోపల నిలిచిన చీమును తీయించాలి. ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి ఉంచితే అది వ్యాపిస్తున్నదో లేదో తెలుస్తుంది. ఎరుపు పుండు అంచునుంచి 2 సెంటీమీటర్లు దాటినా, కండ నల్లబడినా, చలిజ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి చేర్చాలి. అప్పుడు రిపోర్టు కోసం ఎదురుచూడకుండా, నమూనా తీసిన వెంటనే ఇంజక్షన్లు మొదలుపెడతారు.

కండకే పరిమితమైన ఇన్‌ఫెక్షన్‌కు సాధారణంగా 1 నుంచి 2 వారాలు, ఎముకకు చేరి, చెడిన ఎముకను తొలగించకపోతే సుమారు 6 వారాలు మందు అవసరమవుతుంది. ఇన్‌ఫెక్షన్ లక్షణాలు పోయాక, పుండు ఇంకా పూడకపోయినా, డాక్టర్ యాంటీబయాటిక్ ఆపిస్తారు. అక్కడినుంచి పుండును మాన్పేవి డ్రెస్సింగ్, షుగర్ అదుపు, ఆ పాదం మీద బరువు పడకుండా చూసుకోవడం.