రక్తంలో మెటబోలైట్లను చదవడం, 5వ పాఠం: కణితి చెప్పినదా, ట్యూబు చెప్పినదా?

గత పాఠంలో ఆరోగ్యవంతుల, క్యాన్సర్ రోగుల రక్తంలోని మెటబోలైట్ల (శరీర రసాయన చర్యల్లో పుట్టే, ఖర్చయ్యే చిన్న అణువుల) పట్టిక ఇచ్చి, తేడాకు కారణం అడిగాను. ఆ అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో చాలావరకు ఒకే చోట దారి తప్పాయి కనుక, ఈసారి చెప్పవలసిన మనుగడ అంచనాను (రోగులు ఎంతకాలం బతుకుతారన్న లెక్కను) వెనక్కి జరిపి ముందు ఆ తప్పును సరిదిద్దుతాను. పట్టికలో ఆరోగ్యవంతుల గ్లూకోజ్ సగటు లీటరుకు 5.0 మిల్లీమోల్స్, లాక్టేట్ (గ్లూకోజ్ విరిగినప్పుడు ఏర్పడే పదార్థం) 1.2, క్యాన్సర్ రోగుల్లో గ్లూకోజ్ 4.4, లాక్టేట్ 2.4. దీనికి ఎక్కువమంది రాసిన కారణం వార్‌బర్గ్ ప్రభావం. ఆక్సిజన్ అందుతున్నా కణితి కణాలు గ్లూకోజ్‌ను విరివిగా లాక్టేట్‌గా మారుస్తాయని 1920లలో ఒట్టో వార్‌బర్గ్ గమనించిన మాట నిజమే. కానీ గ్లూకోజ్‌ను లాక్టేట్‌గా మార్చే కణాలు మీ ట్యూబులోనే కోట్లలో ఉన్నాయి.

ఎర్ర రక్తకణాల్లో ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఉండవు, కనుక అవి గ్లూకోజ్‌ను లాక్టేట్‌ దగ్గరే ఆపుతాయి. రక్తం తీసిన తరువాత కూడా అవి గ్లూకోజ్‌ను వాడుకుంటూ లాక్టేట్‌ను వదులుతూనే ఉంటాయి. ప్లాస్మాను (కణాలు తీసేసిన రక్త ద్రవాన్ని) వేరు చేయకుండా గది ఉష్ణోగ్రతలో ఉంచితే గ్లూకోజ్ గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. ఒక గ్లూకోజ్ అణువు నుంచి రెండు లాక్టేట్ అణువులు వస్తాయి. ఇప్పుడు పట్టికను మళ్లీ చూడండి: గ్లూకోజ్‌లో తగ్గినది 0.6, లాక్టేట్‌లో పెరిగినది 1.2, అంటే సరిగ్గా రెట్టింపు. శరీరంలోనైతే కాలేయం లాక్టేట్‌ను తిరిగి గ్లూకోజ్‌గా మారుస్తూ ఉంటుంది కనుక లెక్క ఇంత శుభ్రంగా కుదరడం అరుదు. రోగుల ట్యూబులు ప్లాస్మాను వేరుచేసే సెంట్రిఫ్యూజ్ యంత్రం దాకా చేరడానికి రెండు గంటలు ఆలస్యమైతే చాలు, కణితి ప్రమేయం లేకుండానే ఈ అంకెలు వస్తాయి.

కొత్త పట్టిక చేతికి రాగానే నేను మొదట చూసేది ఈ రెట్టింపు లెక్కనే. ఆ తరువాత ఆర్జినైన్, ఆర్నిథైన్ అనే అమైనో ఆమ్లాల జంటను చూస్తాను. ఎర్రకణాలు చిట్లితే వాటిలోని ఆర్జినేజ్ అనే ఎంజైము మొదటిదాన్ని రెండోదానిగా మారుస్తుంది. గ్లూకోజ్ ఖర్చును ఆపడానికి ఫ్లోరైడ్ కలిపిన ట్యూబు ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి, అది గ్లూకోజ్ ఖర్చును పూర్తిగా ఆపడానికి గంటకు పైగా పడుతుంది. రక్తాన్ని వెంటనే మంచులో ఉంచి, అరగంటలోపు ప్లాస్మాను వేరు చేసి, మైనస్ 80 డిగ్రీల వద్ద భద్రపరచడమే నాకు నమ్మకమైన పద్ధతి. రెండు గుంపుల నమూనాలకూ ఒకే నియమం పాటించారా లేదా అన్నది అంతకన్నా ముఖ్యం.

క్లోమ క్యాన్సర్ బయటపడడానికి కొన్నేళ్ల ముందే రక్తంలో ల్యూసిన్, ఐసోల్యూసిన్, వేలిన్ అనే అమైనో ఆమ్లాలు ఎక్కువగా ఉన్నాయని 2014లో వెలువడిన పరిశోధన నాకు విలువైనదిగా తోచేది ఇందుకే. అందులోని రక్తం జబ్బు ఎవరికి వస్తుందో తెలియక ముందే సేకరించి నిల్వ చేసినది. రోగుల ట్యూబులు, ఇతరుల ట్యూబులు అనే తేడాకు అక్కడ తావు లేదు.

ఇక మనుగడ విషయం. మెటబోలైట్ స్థాయిని రోగి బతికిన కాలంతో ముడిపెట్టేటప్పుడు, అధ్యయనం ముగిసేనాటికి జీవించి ఉన్నవారిని, మధ్యలో మనకు కనబడకుండా పోయినవారిని లెక్కలోంచి తీసివేయకూడదు. చివరిసారి చూసిన రోజు వరకు వారు బతికే ఉన్నారన్న సమాచారం మన దగ్గరుంది. దానిని వదులుకోకుండా లెక్కించే దారిని 1958లో గణాంకవేత్తలు కప్లాన్, మేయర్ చూపించారు. వయసు, వ్యాధి దశలతో పాటు మెటబోలైట్‌ను కూడా చేర్చి తూచడానికి 1972 నాటి కాక్స్ గణాంక నమూనా ఉంది. దానిని వచ్చే పాఠంలో చేద్దాం.

అభ్యాసం: ఎనిమిది మంది రోగుల కాలాలు నెలల్లో 3, 5, 5+, 8, 11+, 12, 16+, 20. కూడిక గుర్తు ఉన్నవారు చివరిసారి చూసేనాటికి జీవించి ఉన్నారు. 12 నెలలు దాటి బతికే సంభావ్యతను కప్లాన్–మేయర్ పద్ధతిలో, సాఫ్ట్‌వేర్ వాడకుండా, కాగితం మీద ఒక్కో మెట్టు రాస్తూ కట్టండి. కూడిక గుర్తు ఉన్న ముగ్గురినీ కొట్టివేస్తే 0.2 వస్తుంది. మీ జవాబు కూడా అంతే వస్తే పై పేరా మళ్లీ చదివి, మొదటి మెట్టు నుంచి తిరిగి చేయండి.