కామిక్ కాన్‌లో టేబుల్ తీసుకున్నారా? తుంగభద్ర దాటకముందే చూసుకోవాల్సినవి

వానలు తగ్గాక మొదలై చలికాలమంతా నడిచేది ఫ్యాన్ కన్వెన్షన్ల సీజన్, అంటే కామిక్స్, సినిమాల అభిమానులంతా ఒకచోట కలిసే జాతరలు. 2011లో ఢిల్లీలో మొదలైన కామిక్ కాన్ 2013లో హైదరాబాద్‌కి వచ్చింది. మన కర్నూలు, అనంతపురం, కడపల్లో ట్యాబ్ మీద బొమ్మలు గీసే పిల్లలకి కూడా స్టిక్కర్లు, కీచైన్లు, బ్యాడ్జీలు చేయించుకుని అక్కడ అమ్మకానికి టేబుల్ పెట్టాలన్న ఆశ ఉంటుంది. తప్పకుండా పెట్టండి. కానీ అక్కడి ఆర్టిస్టులకీ మనకీ ఒక తేడా ఉంది. వాళ్లు శనివారం రాత్రి స్టాక్ అయిపోతే ఆదివారం పొద్దున్నే ఇంకో వంద వేయించుకోగలరు. స్టాండ్ విరిగితే ఇంటికెళ్లి ఇంకోటి తెచ్చుకోగలరు. మనకి ఆ వీలు లేదు. బస్సెక్కేసరికి చేతిలో ఏముంటే దానితోనే మూడు రోజులూ గడపాలి. అందుకే ఇక్కడ చెప్పే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం టేబుల్ దగ్గరివి కావు, అంతకు ముందు ఎనిమిది వారాలవి.

టేబుల్ డబ్బు కట్టే ముందు కాగితం మీద ఒక లెక్క వేయండి. టేబుల్‌కి 12 వేలు, ఇద్దరికి ఛార్జీలు, బస, భోజనం కలిపి 8 వేలు అనుకుందాం. మొత్తం 20 వేలు. తయారీ ఖర్చు పోను ఒక్కో వస్తువు మీద సగటున 40 రూపాయలు మిగిలితే, 500 వస్తువులు అమ్మాకే మీ జేబులోకి మొదటి రూపాయి వస్తుంది. మూడు రోజులకు పంచితే రోజుకు దాదాపు 167. ఎనిమిది గంటల్లో అన్ని అమ్మాలంటే ప్రతి మూడు నిమిషాలకు ఒకటి పోవాలి. మొదటిసారి వెళ్లేవాళ్లకి ఇది చాలా కష్టం. ఇద్దరు ముగ్గురు ఆర్టిస్టులు కలిసి ఒకే టేబుల్ తీసుకోవడం మేలు. నిర్వాహకులు దానికి ఒప్పుకుంటారో లేదో ముందే అడగండి. తయారీ ఖర్చులో ప్లాస్టిక్ కవరు, వెనక పెట్టే అట్ట, కొరియర్, పాడైపోయిన ముక్కలు కూడా కలపాలి. ఇవి వదిలేస్తే 40 అనుకున్నది 28 అవుతుంది.

ఇక అన్నిటికంటే పెద్ద జాగ్రత్త, ఏ బొమ్మ అమ్ముతున్నారన్నది. జపాన్‌లో కామికెట్ అనే అభిమానుల పుస్తకాల సంత 1975 నుంచి నడుస్తోంది. అభిమానులు గీసి అమ్ముకునే పుస్తకాలను అక్కడి కంపెనీలు చాలావరకు చూసీ చూడనట్టు వదిలేస్తాయి. అది అక్కడి అలవాటు, మనకి రక్షణ కాదు. మన దగ్గర 1957 నాటి కాపీరైట్ చట్టం ఉంది. అందులో సెక్షన్ 63 ప్రకారం తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా పడవచ్చు. టేబుల్ మీద స్టిక్కర్ అమ్మిన ప్రతివాళ్లనీ జైల్లో వేస్తారని కాదు. కానీ కంపెనీ అభ్యంతరం చెబితే స్టాక్ మొత్తం తీసేయాల్సి రావచ్చు, పెట్టుబడి అక్కడితో పోయినట్టే. 'క్రెడిట్ ఇచ్చాను కదా' అంటే చెల్లదు. '30 శాతం మారిస్తే సొంతం అయిపోతుంది' అనే మాట చాలామంది నమ్ముతారు, అలాంటి లెక్క చట్టంలో ఎక్కడా లేదు. సినిమా లోగోలకు ట్రేడ్‌మార్క్ గొడవ అదనం.

హీరోల ముఖాలతో మరీ జాగ్రత్త. మన ఊళ్లలో హీరో బొమ్మ ఉన్న కీచైన్ చిటికెలో అమ్ముడవుతుంది, ఆశ పుట్టడం సహజం. కానీ అనుమతి లేకుండా తమ పేరు, రూపం వాడుకోవద్దంటూ అనిల్ కపూర్ 2023లో, నాగార్జున 2025లో ఢిల్లీ హైకోర్టు నుంచి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. దేవుళ్ల బొమ్మలు గీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు గానీ, ఇప్పటి చిత్రకారుడెవరో గీసిన హనుమంతుణ్ణి ఎత్తి ప్రింట్ వేస్తే అది ఆ చిత్రకారుడి సొత్తు. రాజా రవివర్మ 1906లో పోయారు, చిత్రకారుడు పోయిన 60 ఏళ్లకి హక్కు తీరిపోతుంది కాబట్టి ఆ చిత్రాలు వాడుకోవచ్చు.

నన్నడిగితే మొదటి టేబుల్‌కి కనీసం సగం స్టాక్ మీ సొంత బొమ్మలే ఉండాలి. కొండారెడ్డి బురుజు, గండికోట లోయ, బెలూం గుహలు, లేపాక్షి బసవన్న, కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను, ఇవి మన చుట్టూ ఉన్నవే. ఆ హాల్లో ఒకే అనిమే (జపాన్ యానిమేషన్) హీరో పది టేబుళ్ల మీద కనిపిస్తాడు, బురుజు మీద కూర్చున్న మీ పిల్లి మీ దగ్గరే దొరుకుతుంది. నిమ్మలకుంట తోలుబొమ్మల నుంచి స్ఫూర్తి పొందండి, కానీ ఒక కళాకారుడు చేసిన బొమ్మను ఫొటో తీసి ప్రింట్ వేయకండి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు వస్తువని చట్టం ఇచ్చే గుర్తింపు) ఉంది, కాగితం స్టిక్కర్‌ను ఆ పేరుతో అమ్మడం వాళ్ల పొట్ట కొట్టడమే.

ప్రింటింగ్ దగ్గర మనకి శత్రువు క్యాలెండర్. వినాయక చవితికి ఫ్లెక్సీలు, దసరా, దీపావళి సెలవులు, కార్తీకం రాగానే పెళ్లి కార్డులు. ఈ రద్దీలో మీ 200 స్టిక్కర్ల ఆర్డర్ ఎప్పుడూ చివరికే పోతుంది. ఎనిమిది వారాల ముందు ఫైళ్లు సిద్ధం చేసుకోండి. ఆరు వారాల ముందు ఒక్కో రకానికి శాంపిల్ తెప్పించుకోండి. అది చేత్తో పట్టుకుని చూశాకే మిగతాది ఆర్డర్ ఇవ్వండి. రెండు వారాల ముందే సరుకు మొత్తం ఇంట్లో ఉండాలి. ఎనామెల్ పిన్నులకి (లోహపు అచ్చులో రంగు నింపి చేసే బ్యాడ్జీలు) అచ్చు ఖర్చు, కనీస సంఖ్య ఉంటాయి, నెలకు పైగా పడుతుంది. మొదటిసారి వాటి జోలికి వెళ్లకండి.

తెలుగు అక్షరాలున్న డిజైన్లకి ఒక ప్రత్యేక జాగ్రత్త. మీ ఫాంట్ ప్రింటర్ కంప్యూటర్‌లో లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఫైల్ పంపే ముందు అక్షరాలను కర్వ్స్‌లోకి (ఫాంట్ అక్కర్లేని గీతల్లోకి) మార్చండి. ప్రూఫ్ వచ్చాక ఒత్తులు, దీర్ఘాలు వేలు పెట్టి చదవండి. హిందీ, తమిళ ప్రింటర్లకి మన 'క్ష్మి' సరిగా పడిందో లేదో తెలియదు. స్క్రీన్ మీద మెరిసే నియాన్ ఆకుపచ్చ, గులాబీ రంగులు సీఎంవైకేలో (ప్రింటింగ్‌లో వాడే నాలుగు సిరాల పద్ధతి) చప్పబడతాయి, ముందే మార్చి చూసుకోండి. ఏ4 సైజుకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 2480 × 3508 పిక్సెళ్లు, అంతకంటే తక్కువ ఫైల్‌ను సాగదీయకండి. అంచుల్లో 3 మిల్లీమీటర్లు బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు బొమ్మ) వదలండి. 58 మిల్లీమీటర్ల బ్యాడ్జీకి దాదాపు 70 మిల్లీమీటర్ల గుండ్రటి కాగితం కావాలి. చుట్టూ ఉన్నది వెనక్కి మడతపడుతుంది కాబట్టి పేరు, చెవులు, కొమ్ములు మధ్యలోకి తేవాలి. అక్రిలిక్ కీచైన్‌లో రంగు కింద తెల్ల పొర వేయమని రాసి మరీ చెప్పండి, లేకపోతే బొమ్మలోంచి అవతలిది కనిపిస్తుంది.

చాలామంది పట్టించుకోనిది జీఎస్టీ. తుంగభద్ర బ్రిడ్జి దాటితే తెలంగాణ, హిందూపురం దాటితే కర్ణాటక. మనకి దుకాణం లేని రాష్ట్రంలో అప్పుడప్పుడు వెళ్లి అమ్మేవాళ్లను చట్టం క్యాజువల్ టాక్సబుల్ పర్సన్ అంటుంది. అమ్మకాలు తక్కువైనా రిజిస్ట్రేషన్ కావాలి. అమ్మకం మొదలుకు కనీసం ఐదు రోజుల ముందు దరఖాస్తు చేయాలి, అంచనా పన్ను ముందే కట్టాలి, 90 రోజుల దాకా చెల్లుతుంది. చేతివృత్తుల వస్తువులకు కొంత మినహాయింపు ఉంది. మీ సరుకు అందులోకి వస్తుందో లేదో నెల ముందే అకౌంటెంట్‌ని అడగండి. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి.

కాగితం బరువు తక్కువని అనుకోకండి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) ఏ4 ప్రింట్లు వంద అయితే దాదాపు 1.9 కిలోలు. ప్రింట్లను గట్టి అట్టల మధ్య పెట్టి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, సూట్‌కేసులో అడుగున పరిచినట్టు పెట్టండి. బస్సు డిక్కీలోకి వాన నీళ్లు రావచ్చు. స్టాక్‌ను రెండు బ్యాగుల్లో సగం సగం సర్దండి, ఒకటి పోయినా టేబుల్ ఖాళీ కాదు. విప్పి మడిచే స్టాండ్‌ను ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద ఒకసారి పూర్తిగా నిలబెట్టి ఫొటో తీసుకోండి, అక్కడ పొద్దున్నే ఆ ఫొటో చూసి సర్దేయొచ్చు.

జనం నిండిన హాల్లో సిగ్నల్ పడిపోతుంది. వేర్వేరు నెట్‌వర్కుల సిమ్‌లున్న రెండు ఫోన్లు, రెండు ఖాతాల క్యూఆర్ కోడ్‌లు, పవర్ బ్యాంక్, 10, 20, 50 నోట్ల చిల్లర తప్పనిసరి. 'పేమెంట్ అయింది' అని వాళ్ల స్క్రీన్ చూపిస్తే సరిపోదు. మీ ఫోన్లో డబ్బు పడిందని చూసుకున్నాకే వస్తువు చేతికివ్వండి, మర్యాదగానే చెప్పొచ్చు. మీ క్యూఆర్ మీద ఇంకెవరి స్టిక్కరైనా అంటించారేమో గంటకోసారి చూడండి. నగదు నడుముకి కట్టుకునే సంచిలో ఉండాలి, టేబుల్ మీది డబ్బాలో వద్దు. తోడు మనిషి లేకుండా వెళ్లకండి. బాత్రూంకి వెళ్లాలన్నా, రెండు ముద్దలు తినాలన్నా టేబుల్ వదలలేరు. అమ్మాయిలు బస హాలు దగ్గర్లోనే చూసుకోండి, మూసేసేసరికి రాత్రవుతుంది. ప్రతి రాత్రీ ఏది ఎన్ని పోయాయో రాయండి, రెండో సీజన్ ఆర్డర్ ఆ పుస్తకం చూసే ఇవ్వాలి.

తిరిగొచ్చాక ముందు జీఎస్టీ రిటర్నులు వేయండి, ముందే కట్టిన పన్నులో మిగిలింది ఆ తర్వాతే వెనక్కి వస్తుంది. మిగిలిన స్టాక్‌ను అటక మీద పెట్టకండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, రేకుల కింద ఇంకా ఎక్కువ. స్టిక్కర్ల జిగురు అంచుల్లోంచి కారి ఒకదానికొకటి అంటుకుంటాయి. మధ్యలో బటర్ పేపర్ వేసి, సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టి డబ్బాలో, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో మంచం కింద పెట్టండి. అక్రిలిక్ ముక్కల మీది పల్చటి ఫిల్మ్ అమ్మేదాకా తీయకండి.